రోగి అప్పగింతలో మాట జారితే ప్రాణానికే ముప్పు

దవాఖానాల్లో డ్యూటీ మారే వేళ ఏం జరగాలి? ఇంటివారు ఏం గమనించాలి?

కీసర: ఆడపిల్లను అత్తవారింటికి పంపే ముందు అప్పగింతలు చేయడం మన ఆచారం. పిల్ల చెయ్యి తెచ్చి అత్తగారి చేతిలో పెడతారు. ఏది తింటుంది, ఏది పడదు, దేనికి భయపడుతుంది అన్నీ చెబుతారు. అవతలివారు విని, సరేనని మాట ఇచ్చాకే కన్నవారు చెయ్యి వదులుతారు. ఇంతే శ్రద్ధగా జరగవలసిన అప్పగింత దవాఖానాలోనూ ఒకటి వుంది. ఒక డాక్టరు నుంచి మరో డాక్టరుకు, ఒక నర్సు నుంచి మరో నర్సుకు, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి రోగి మారేటప్పుడు జరిగే అప్పగింత అది. అక్కడ చెప్పవలసిన మాట ఒక్కటి జారిపోయినా మందు రెండుసార్లు పడవచ్చు, లేదా అసలు పడకపోవచ్చు.

ఒక్క రాత్రిలో ఏడు చేతులు

కీసర, బోగారం, చీర్యాల వైపు పల్లెల్లో రాత్రివేళ ఒక రైతును పొలం గట్టు మీద పాము కరిచిందనుకుందాం. ఇంటివారు 108కు ఫోను చేస్తారు. వాహనంలో వచ్చిన సిబ్బంది మొదటి చెయ్యి. దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మందు మొదలుపెట్టిన డాక్టరు రెండో చెయ్యి. పరిస్థితి విషమించి గాంధీ ఆసుపత్రికి రాస్తే అక్కడికి చేర్చే వాహనం సిబ్బంది మూడో చెయ్యి. క్యాజువాలిటీలో చూసే డాక్టరు నాలుగు. వార్డులో రాత్రి డ్యూటీ నర్సు అయిదు. తెల్లవారి డ్యూటీకి వచ్చే నర్సు ఆరు. పొద్దున రౌండ్సుకు వచ్చే డాక్టర్ల బృందం ఏడు. కోడి కూసి ఊరు లేచేలోగా రోగి ఏడు చేతులు మారిపోతాడు.

ఏడుగురూ సమర్థులే కావచ్చు. అయినా 'పదిమందిలో పాము చావదు' అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఎవరికి వారు రెండోవారు చూసుకుంటారనుకుంటే పని నడుమ ఆగిపోతుంది.

పాము కాటు రోగి విషయంలో తరువాతి డాక్టరుకు తప్పక తెలియవలసినవి కొన్ని వున్నాయి. కాటు ఎన్ని గంటలకు పడింది? కాలికి కట్టు కట్టారా, కడితే ఎప్పుడు విప్పారు? విషానికి విరుగుడు మందు ఎన్ని సీసాలు ఎక్కించారు, ఎన్ని గంటలకు మొదలుపెట్టారు? రక్తం తీసి గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు వుంచి చూస్తే గడ్డ కట్టిందా, లేదా? కనురెప్పలు వాలుతున్నాయా? మింగడం, ఊపిరి తీయడం కష్టంగా వుందా? రక్తపింజర కాటుకు రక్తం గడ్డ కట్టదు. నాగుపాము, కట్లపాము కాటుకు నరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోతుంది. విరుగుడు మందును ఇష్టం వచ్చినన్ని సీసాలు ఇవ్వరు. దానికి ఒక లెక్క వుంది, రక్త పరీక్షను మళ్ళీ ఎన్ని గంటలకు చేయాలో కూడా లెక్క వుంది. కింది ఆసుపత్రిలో ఎన్ని సీసాలు పడ్డాయో పై ఆసుపత్రికి తెలియకపోతే ఆ లెక్క మొదటికే వస్తుంది. అప్పటికి విషం మాత్రం ఆగి వుండదు.

గర్భిణుల విషయంలో ముప్పు ఇంకా ఎక్కువ. రక్తపోటు పెరిగి వాతం వచ్చినట్టు కొట్టుకునే గర్భిణికి పై ఆసుపత్రికి పంపేముందే మెగ్నీషియం సల్ఫేట్ సూది మొదటి మోతాదు వేసి పంపాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సూది వేసిన సంగతి, వేసిన వేళ కాగితం మీద లేకపోతే అవతలి డాక్టరు ఇరకాటంలో పడతారు. మళ్ళీ వేస్తే మోతాదు ఎక్కువై ఊపిరి మందగించవచ్చు. వేశారేమోనని ఆగితే మళ్ళీ ఫిట్సు రావచ్చు. తల్లీబిడ్డల ప్రాణం ఒక వేళ, ఒక మోతాదు రాసిన గీత మీద ఆధారపడుతుంది.

గుండెపోటుకు గడ్డను కరిగించే సూది సంగతీ ఇంతే. ఏ మందు, ఎన్ని గంటలకు ఇచ్చారన్నది తెలిస్తేనే తరువాతి చికిత్స నిర్ణయం కుదురుతుంది.

దవాఖానా లోపల

ఊరు నుంచి ఆసుపత్రికి జరిగే అప్పగింత ఇంటివారి కళ్ళ ముందే జరుగుతుంది. ఆసుపత్రి లోపల జరిగేవి మన కంట పడవు. నర్సులు సాధారణంగా రోజుకు మూడు డ్యూటీల్లో పని చేస్తారు. అంటే రోజుకు మూడు అప్పగింతలు. రోగి అయిదు రోజులు మంచం మీద వుంటే నర్సుల నడుమనే పదిహేను. డాక్టర్లవి, పరీక్షల గదివి, ఆపరేషన్ థియేటర్‌వి కలిపితే లెక్క ఇంకా పెరుగుతుంది. బోధనాసుపత్రుల్లో డాక్టర్లు యూనిట్లుగా వుంటారు. రాత్రి చేర్చుకున్న డాక్టరు వేరు, పగలు చూసే డాక్టరు వేరు కావచ్చు. హౌస్ సర్జన్లు కొద్ది వారాలకో నెలలకో విభాగాలు మారుతూ వుంటారు.

ఈ మార్పులు తప్పవు. ఒకే మనిషి రాత్రింబవళ్ళు మేలుకుని వైద్యం చేస్తే అది మరో ప్రమాదం. 1984లో న్యూయార్కులో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటల్లోనే చనిపోయింది. ఎడతెగని డ్యూటీలో వున్న జూనియర్ డాక్టర్లు ఆమెను చూశారన్నది ఆనాడు పెద్ద వివాదమైంది. దానితో ఆ రాష్ట్రంలో 1989లోనూ, ఆ దేశమంతటా 2003లోనూ శిక్షణలో వున్న డాక్టర్ల పని గంటలకు పరిమితి పెట్టారు. వారికి విశ్రాంతి దొరికింది కాని, డ్యూటీలు ఎక్కువసార్లు మారడంతో అప్పగింతలు పెరిగాయి. దానితో అప్పగింత ఎలా చేయాలన్నది అక్కడ ఒక విద్యగా నేర్పవలసి వచ్చింది.

మన దగ్గర అప్పగింత ఎందుకు తడబడుతుంది? మంచాల కన్నా రోగులు ఎక్కువ. నర్సులు తక్కువ. దిగిపోయే నర్సుకు ఇంటికి పోయే బస్సు వేళ, ఎక్కే నర్సుకు అప్పటికే నలుగురు పిలుస్తుంటారు. నడుమ ఫోను మోగుతుంది. జూనియర్ డాక్టరుకు సీనియర్‌ను మళ్ళీ అడగాలంటే జంకు. నర్సు రాసింది డాక్టరు చదవరు, డాక్టరు రాసింది నర్సుకు అర్థం కాదు. కేస్ షీటు ఇంగ్లీషులో వుంటుంది. రోగి తెలుగు మాట్లాడతాడు. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన నర్సు మరో భాష మాట్లాడుతుంది. ఇన్ని అడ్డుగోడల నడుమ మాట మనిషి నుంచి మనిషికి చేరేసరికి సగమే మిగలడంలో ఆశ్చర్యం లేదు. ఇందులో ఒక మనిషి తప్పు కన్నా పద్ధతి లోపమే ఎక్కువ.

రాతలో వచ్చే పొరపాట్లకు ఒక్క ఉదాహరణ చాలు. ఇన్సులిన్ పది యూనిట్లు అని రాయవలసిన చోట పది అంకె పక్కన యూనిట్‌కు గుర్తుగా ఇంగ్లీషు 'యు' అక్షరం గిలికితే అది సున్నాలా కనబడుతుంది. పది కాస్తా వంద అవుతుంది. అందుకే ఆ మాటను పూర్తిగా రాయాలని మందుల భద్రత నిపుణులు పట్టుబడుతున్నారు.

నాచారం కార్మికుడికి తెలిసిన సంగతే

నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో షిఫ్టుల్లో పని చేసేవారు మన పల్లెల్లో చాలామంది వున్నారు. వారికి ఇది కొత్త పాఠం కాదు. షిఫ్టు దిగే కార్మికుడు వచ్చేవాడికి యంత్రం ముందు నిలబడి చెబుతాడు. ఏ భాగం వేడెక్కుతోంది, ఏ బోల్టు వదులైంది, ఏ పని సగంలో వుంది అని చెప్పి లాగ్ బుక్కులో రాసి మరీ దిగుతాడు. యంత్రం విషయంలో ఇంత జాగ్రత్త వుంటే, జబ్బు పడి నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో చేరే అదే కార్మికుడి విషయంలో ఎంత జాగ్రత్త వుండాలి?

రైల్వేలో ఇంకో మంచి అలవాటు వుంది. పక్క పక్క స్టేషన్ల మాస్టర్లు ఫోనులో బండికి దారి ఇచ్చుకునేటప్పుడు ఒక అంకె చెప్పుకుని, రెండు వైపులా రాసుకోవడం ఏళ్ళ నాటి పద్ధతి. వినేవాడు తలూపితే చాలదు. విన్నదాన్ని తిరిగి చెప్పాలి. ఒంటి పట్టాల మార్గాల్లో టోకెన్ చేతికి అందనిదే డ్రైవరు బండి కదిలించేవాడు కాదు.

దవాఖానాలోనూ కావలసింది ఇదే. చెప్పినవాడు చెప్పానంటాడు, విన్నవాడు విన్నానంటాడు. నడుమ ఏం చేరిందన్నది తిరిగి చెప్పించుకుంటేనే తేలుతుంది.

ప్రపంచం నేర్చుకున్న పాఠం

2007 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల భద్రత కోసం తొమ్మిది మార్గాలను ప్రకటించింది. రోగిని సరిగ్గా గుర్తించడం, చేతులు శుభ్రంగా కడుక్కోవడం, ఒకే రకంగా వినిపించే మందుల పేర్లతో జాగ్రత్త పడడం వంటి వాటితో పాటు అప్పగింత సమయంలో మాట సరిగ్గా చేరవేయడం కూడా వాటిలో ఒకటి. లండన్‌లోని ఒక పిల్లల ఆసుపత్రి డాక్టర్లయితే కారు పందేల వారి వద్ద పాఠం నేర్చుకున్నారు. పందెం నడుమ కారు ఆగిన కొద్ది క్షణాల్లో చక్రాలు మార్చే జట్టులో ఎవరి పని వారికి ముందే తెలుసు. అరుపులు, గందరగోళం వుండవు. గుండె ఆపరేషన్ అయిన పిల్లవాడిని థియేటర్ నుంచి ఐసీయూకు మార్చేటప్పుడు అదే క్రమం పాటిస్తే పొరపాట్లు తగ్గాయని వారు 2007లో ప్రకటించారు.

దీని మీద పెద్ద పరిశీలన ఒకటి అమెరికా, కెనడాల్లోని తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో జరిగింది. మొత్తం 10,740 మంది చేరికలను చూశారు. ఒకే పద్ధతిలో అప్పగింత చేయడం నేర్పిన తరువాత వైద్యంలో పొరపాట్లు నూటికి 23 వంతున, నివారించదగిన హాని నూటికి 30 వంతున తగ్గాయని 2014 నవంబరులో వెల్లడించారు. ఇందుకు డాక్టర్లకు అదనంగా సమయం పట్టలేదు.

ఆ పద్ధతిలోని అయిదు మెట్లను మన మాటల్లో చెప్పుకుంటే ఇవి:

ఒకటి, రోగి పరిస్థితి ఎలా వుంది? నిలకడగా వున్నాడా, కన్నేసి వుంచాలా, ప్రమాదంలో వున్నాడా?

రెండు, కథ ఏమిటి? ఏ జబ్బు, ఎప్పుడు వచ్చాడు, ఇంతవరకు ఏం చేశాం?

మూడు, చేయవలసినవి ఏమిటి? ఏ మందు ఎన్ని గంటలకు, ఏ పరీక్ష ఫలితం రావలసి వుంది, ఎవరు తెప్పించాలి?

నాలుగు, రాత్రి ఏం జరగవచ్చు? జ్వరం పెరిగితే, రక్తపోటు పడిపోతే ఏం చేయాలి?

అయిదు, విన్నవారు తాము ఏం విన్నారో తిరిగి చెప్పాలి, అనుమానం వుంటే అక్కడే అడగాలి.

ఇందులో మొదటిదీ చివరిదీ ముఖ్యం. నలభై మంది రోగుల వార్డులో రాత్రి ఎవరి మంచం దగ్గరికి ముందు పోవాలో మొదటిది చెబుతుంది. మాట చేరిందో లేదో చివరిది తేలుస్తుంది.

108 కాగితం తలగడ కింద పోకూడదు

మన రాష్ట్రాల్లో ఈ గొలుసుకు మొదటి లంకె 108. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, హైదరాబాదులో మొదలైన ఈ సేవ తరువాత దేశంలో అనేక రాష్ట్రాలకు పాకింది. అంతకు ముందు ఆటోలో, ట్రాక్టరు మీద వచ్చే రోగికి దారిలో ఏం జరిగిందో చెప్పేవారు లేరు. 108లో శిక్షణ పొందిన సిబ్బంది వుంటారు. రోగి నాడి, రక్తపోటు, ఊపిరి, దారిలో ఇచ్చిన మందులు రాసుకుంటారు. ఆ కాగితం ఆసుపత్రిలో అప్పగించడానికే.

ఆ కాగితం కేస్ షీటులోకి చేరాలి. స్ట్రెచర్ మీదో తలగడ కిందో వుండిపోతే అది వున్నా లేనట్టే. అప్పగించినవారి పేరు, అందుకున్నవారి సంతకం, వేళ మూడూ వుంటే ఎవరూ తప్పుకోలేరు. ఇకపోతే రోగి బయలుదేరకముందే కింది డాక్టరు పై ఆసుపత్రికి ఫోను చేయాలి. మంచం వుందా, వెంటిలేటర్ వుందా, ఆ వేళకు డాక్టరు వున్నారా అని తెలుసుకోకుండా పంపితే రోగి గుమ్మం గుమ్మం తిరగవలసి వస్తుంది.

ఇది సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిన మాట. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడిన ఒక వ్యవసాయ కూలీని మంచాలు లేవని, సౌకర్యాలు లేవని ఒక ప్రభుత్వాసుపత్రి తరువాత మరొకటి తిప్పి పంపాయి. చివరికి అతడు ప్రైవేటులో వైద్యం చేయించుకున్నాడు. 1996 మేలో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు అతనికి 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. ఎక్కడ మంచం ఖాళీగా వుందో తెలుసుకుని రోగిని వెంటనే అక్కడికే పంపేలా ఒక కేంద్రీకృత సమాచార వ్యవస్థ వుండాలని సూచించింది.

రోగికి హక్కులు కూడా వున్నాయి. డాక్టర్ల వృత్తి ధర్మం మీద 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం రోగి గాని, అతని తరఫువారు గాని చికిత్స కాగితాలు కోరితే 72 గంటల్లోగా ఇవ్వాలి. మందుల పేర్లు చదవడానికి వీలుగా, వీలైతే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయాలని 2016లో చేసిన సవరణ చెబుతోంది. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆరోగ్య సంఖ్య తీసుకుంటే కాగితాలు ఫోనులో దాచుకునే వీలు కూడా వుంది. అయితే ఫోనులో వున్న కాగితం తనంత తాను మాట్లాడదు. డ్యూటీ మారే వేళ మనిషి మనిషికి చెప్పవలసింది చెప్పవలసిందే.

ఇంటివారు చేయదగినవి

దారి పొడుగునా రోగి వెంట వుండేది ఇంటివారే. డాక్టర్లు మారతారు, నర్సులు మారతారు, అన్నో, కొడుకో, భార్యో మారరు. కనుక వారి దగ్గర కొంత సమాచారం వుంటే మేలు.

పది మంది పోవడం కన్నా విషయం తెలిసిన ఒక్కరు వెంట వుండడం మంచిది. ఆ ఒక్కరూ మారవలసి వస్తే వచ్చేవారికి అన్నీ చెప్పి మరీ మారాలి. ఇంటివారిలో కూడా అప్పగింత తప్పదు.

పాత చీటీలు, పరీక్షల కాగితాలు, గర్భిణి అయితే తల్లీబిడ్డల కార్డు ఒక్క సంచిలో పెట్టుకోవాలి. రోజూ వాడే బీపీ, షుగరు మాత్రల అట్టలు వెంట తీసుకుపోవాలి. పురుగుల మందు తాగిన రోగి అయితే ఆ డబ్బా తప్పక చూపించాలి. డబ్బా మీది పేరును బట్టే విరుగుడు వుంటుంది. పామును చంపి తేవాలని వెతుక్కుంటూ కాలం పాడు చేయరాదు.

ఏ మందు పడదో మొదటే చెప్పాలి. పెన్సిలిన్ సూదికి ఒకసారి ఒళ్ళు దద్దుర్లు వచ్చి వుంటే ఆ మాట ప్రతి కొత్త డాక్టరుకూ, ప్రతి కొత్త నర్సుకూ చెప్పాలి. పైవారు చెప్పి వుంటారులే అనుకోరాదు.

ఆసుపత్రి మారేటప్పుడు 'ఇంతవరకు ఏమేం మందులిచ్చారో, ఎన్ని గంటలకు ఇచ్చారో రాసివ్వండి' అని అడగాలి. చదువు రాకపోతే సిగ్గు పడనక్కరలేదు. రాసినదాన్ని చదివి వినిపించమంటే చాలు. డ్యూటీ మారినప్పుడు కొత్త నర్సమ్మను మెల్లగా అడగాలి: 'మా మనిషికి ఈ పూట ఏం చూడాలి? ఎలా వుంటే మిమ్మల్ని పిలవాలి?' గొడవ పెట్టుకుంటే అసలు చెప్పవలసిన మాటే మరుగున పడుతుంది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. ఏడుస్తున్న భార్య, పొలం నుంచి పరుగెత్తుకొచ్చిన కొడుకు చెప్పే నాలుగు ముక్కల మీద ఆధారపడి వైద్యం చేయడం ఆసుపత్రులకు తగదు. ఇంటివారి మాట ఆసరా మాత్రమే. అప్పగింత బాధ్యత పూర్తిగా వైద్య సిబ్బందిదే.

ఖర్చు లేని సంస్కరణ

మన ఆసుపత్రులకు కావలసినవి చాలా వున్నాయి. మంచాలు కావాలి, నర్సులు కావాలి, యంత్రాలు కావాలి. వాటికి నిధులు రావాలి, ఏళ్ళు పట్టాలి. అప్పగింతను చక్కదిద్దడానికి మాత్రం రేపటి ఉదయం డ్యూటీ చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి గాంధీ దాకా ఒకే రకం కాగితం వుండాలి. అందులో మందు, మోతాదు, వేళ రాయడానికి గడులుండాలి. పంపే ముందు ఫోను చేయాలి. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు నర్సులూ రోగి మంచం దగ్గరే నిలబడి చెప్పుకోవాలి. రోగికీ, ఇంటివారికీ ఆ మాటలు వినబడితే వారే తప్పును సరిచేయగలరు. ఆ కాసేపు ఫోనులు, పిలుపులు ఆపాలి. జూనియర్ మళ్ళీ అడిగితే సీనియర్ విసుక్కోరాదు. జిల్లా వైద్యాధికారులు, ఆసుపత్రుల సూపరింటెండెంట్లు తనిఖీకి వచ్చినప్పుడు మందుల గది తాళాలు, హాజరు పట్టీలు చూసినట్టే డ్యూటీ మారే వేళ వార్డులో నిలబడి ఒక్క అప్పగింత కళ్ళారా చూడాలి.

మంచం మీద వున్న రోగి బంధువు ఏ వేళ వచ్చి 'మా మనిషిని ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? ఏం చేస్తున్నారు?' అని అడిగినా ఒక్కరు పేరుతో సహా జవాబు చెప్పగలగాలి. ఆ జవాబు దొరికిన వార్డులో అప్పగింత సరిగ్గా జరిగినట్టు. దొరకని వార్డులో రోగి ఎవరి చేతుల్లోనూ లేనట్టు.